తుంచి తినే అరటిపండు

మా ఆఫీసు నాంపల్లిలో. మధ్యాహ్నం భోజనాలకు ఐదారుగురం ఒక పాత బల్ల చుట్టూ చేరుతాం. మా సూపరింటెండెంట్ గారికి ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడం అలవాటు. ఆదివారం ఏం కొంటే సోమవారం మాకు అదే వడ్డన. హోమియోపతి కొన్న వారం అందరి నాలుకలూ చూశారు. వాస్తు కొన్న వారం నా కుర్చీ గోడవైపు తిప్పించారు. ఈ వానాకాలంలో అట్ట ఊడిన మనోవిశ్లేషణ పుస్తకం ఒకటి దొరికింది. ఇక చూసుకోండి.

మనం రోజూ చేసే పనులన్నిటి వెనకా అణచిపెట్టుకున్న కామమే ఉంటుందట. గొడుగు గొడుగు కాదట. తాళం, తాళంచెవి సరేసరి. కిటికీలోంచి కనబడే మెట్రో స్తంభాలను కూడా ఆయన వదల్లేదు.

"స్తంభాలు లేకుంటే మెట్రో గాలిల నడుస్తదా సార్?" అంది నా పక్క సీటు అమ్మాయి. నోరున్న పిల్ల. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరికి దవాఖానలో పని పడినా ముందు నిలబడే మనిషి. కొత్తగా ఏదో తెలుసుకున్న సంబరం, అంతే.

ఒకరోజు భోజనాలయ్యాక ఎవరో అరటిపళ్ళు తెచ్చారు. నేను ఒకటి వలిచి, ఎప్పటిలాగే ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

"గిదే చూడున్రి," అన్నారు సూపరింటెండెంట్ గారు, చేతిలో పండు అలాగే పట్టుకుని. "మేం కొరుక్కొని తింటున్నం. మేడం తుంచి తుంచి తింటున్నరు. ఆడోళ్ళు ఎందుకు తుంచుతరు? జర సోంచాయించున్రి."

అందరి కళ్ళూ నా వేళ్ళ మీదికి వచ్చాయి. చెవులు వేడెక్కాయి. యాభై దాటినదాన్ని, అరటిపండు తింటూ పట్టుబడ్డాను.

"మా ఇంట్ల నలుగురం పిల్లలం సార్. పండొస్తే తుంచి పంచుకునేటోళ్ళం. గదే అలవాటైంది," అన్నాను. నేను నిజంగా నమ్మిందీ అదే.

"గట్లనే అనిపిస్తది మేడం. అసలు కారణం లోపల దాక్కుంటది. మనం ఎంత కాదంటే అంత ఔనన్నట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఇదేం తర్కం? ఔనంటే ఆయన గెలిచినట్టు, కాదంటే ఇంకా గట్టిగా గెలిచినట్టు. పక్క సీటు అమ్మాయి ఆ మాటే పట్టుకుంది. "మీరు చెప్పింది తప్పని తేలే దారే లేకుంటే గది శాస్త్రమెట్లయితది సార్?" ఆయన తొక్క పారేయడానికి లేచారు. వాదనలో మేమే గెలిచాం. కానీ మిగిలిన పండును టిఫిన్ డబ్బాలో దాచి మూత పెట్టుకున్నది నేను. ఆ తరవాత ఆఫీసులో అరటిపండు ముట్టలేదు.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మాట దాచుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. నా పక్షాన సాక్ష్యం చెబుతుందనే అడిగాను.

"పంచుకునుడేంది?" అంది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "పండు పండంత నోట్ల పెట్టుకుంటే మగోళ్ళు చూసి ఇకిలిస్తరని మా అత్త నాకు చెప్పింది. నేను నీకు చెప్పిన. చిన్నగుంటివి, ఎందుకమ్మా ఎందుకమ్మా అని పానం తీస్తివి. తమ్ముళ్ళకు పెట్టాలె గద బిడ్డా అన్న. నమ్మినవ్."

సిగ్గేసింది. ఆయన పుస్తకం సగం నిజమే చెప్పిందని సిగ్గు. కానీ ఆ సగం నా లోపల లేదు. నా మనసులో ఉన్నది తమ్ముళ్ళూ, ఆకలీ, ఒక పండూ. మిగతాదంతా చూసేవాళ్ళ కళ్ళలో ఉంది. ఆ కళ్ళకు భయపడి మా ఇంటి ఆడవాళ్ళు పండుకు కూడా పరదా కట్టారు. పుస్తకమేమో తినేవాళ్ళ మనసు తవ్వుతుంది, చూసేవాళ్ళను ఒక్క ప్రశ్నా అడగదు. ఈ మాట మర్నాడు భోజనాల దగ్గర అనాలని బస్సులో వస్తూ వాక్యాలు కూడా కూర్చుకున్నాను. తీరా బల్ల ముందు కూర్చున్నాక డబ్బా మూత తీసి అన్నం కలుపుకున్నాను. అంటే మళ్ళీ అందరూ నా వేళ్ళనే చూస్తారు.

పోయిన వారం మా అమ్మాయి వికారాబాద్‌లో స్నేహితురాలి పెళ్ళికి బయల్దేరింది. నేను నాంపల్లి స్టేషన్ దాకా వెళ్ళాను. ఇద్దరం హడావిడిలో ఏమీ తినకుండా వచ్చాం. ప్లాట్‌ఫారం మీద అరటిపళ్ళు కొని బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల ఒకటి వలిచి కొరికింది. ఇంట్లో ఎలా తింటుందో నేనెప్పుడూ గమనించలేదు. ఇప్పుడు ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళు చూశారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం చూశాను, వాళ్ళ కళ్ళతో.

"తుంచుకొని తినవే," అన్నాను.

"ఎందుకమ్మా?"

మగోళ్ళు చూస్తరని నిజం చెప్పొచ్చు. చూస్తే చూడనీ, హాయిగా తిను అనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"మా ఇంట్ల గట్లనే తినేటోళ్ళం. పంచుకొని," అన్నాను.

"ఔనా?" అని నవ్వి, పిల్ల పండును సగానికి తుంచి నా చేతిలో పెట్టింది. "అయితే నువ్వు గూడ తిను. పొద్దటిసంది ఏం తినలే." నేను ఆ ముక్క పట్టుకుని దాని మొహంలోకి చూడలేకపోయాను. మా అమ్మ నన్ను నమ్మించినంత సులువుగా నేను దాన్ని నమ్మించాను.

బండి వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. దాని ఎదురుగా ఎవరూ లేరు, పక్కనా ఎవరూ లేరు. నేను బయట నిలబడి చెయ్యి ఊపుతున్నాను. బండి కదులుతుంటే పిల్ల సంచిలోంచి ఇంకో పండు తీసి వలిచింది. ముక్క తుంచి నోట్లో వేసుకుంది.