డేంజర్ అన్న మాటకు అసలు అర్థం

మా బావ చేతివేళ్లు పోయిన ఏడాది నేను ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్నాను. తొంభైల చివరి రోజులు. జాలరిపేటలో మా వీధి నుంచి యూనివర్సిటీ దాకా వెళ్లిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా అప్ప, అంటే అక్క, చేపలమ్మేది. బావ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ప్రైవేటు ఐస్ ఫ్యాక్టరీలో మంచుదిమ్మల్ని మరలో వేసి పొడి చేసేవాడు. ఒక ఉదయం దిమ్మ ఇరుక్కుంది. వేటకెళ్లే బోట్లు ఐసు కోసం ఆగి ఉన్నాయని, మర ఆపకుండానే తీయమన్నాడు మేస్త్రీ. బావ కుడిచెయ్యి లోపలికి పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, నష్టపరిహారం అడగడానికి అప్ప నన్ను యజమాని దగ్గరకు వెంటబెట్టుకు వెళ్లింది.

"నువ్వు సదూకున్నావు కదా. ఆళ్లతో ఎలా మాటాడాలో నీకు తెలుస్తాది" అంది దారిలో.

యజమాని మమ్మల్ని కూర్చోమనలేదు. మర పక్క గోడ చూపించాడు. పుర్రె బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో ఎర్రగా డేంజర్ అని ఉంది.

"రాసి పెట్టాం కదమ్మా. చూసుకోవద్దా?"

"మీ మేస్త్రీయే తియ్యమన్నాడండి. మా బావకి ఇంగ్లీషు రాదండి."

"నీకొచ్చుగా. నువ్వు చెప్పుండాల్సింది."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్ప నా చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

మర్నాడు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి ఆ మాట వెతికాను. మధ్యయుగాల్లో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. మూలం లాటిన్లో యజమాని అనే మాట. మొదట్లో దానికి ప్రమాదం అనే అర్థమే లేదు. దొర పెత్తనం అని అర్థం. ఫలానావాడి డేంజర్లో ఉన్నానంటే వాడి గుప్పిట్లో ఉన్నానని, వాడేం చేసినా పడాలని. పాత ప్రేమకథల్లో ప్రియుణ్ణి దగ్గరకు రానివ్వని ఆడదాని బెట్టుని కూడా అదే మాటతో అన్నారు. పోనుపోను ఆ మాటలోంచి దొర తప్పుకున్నాడు. ముప్పు మాత్రం మిగిలింది.

ఇంటికొచ్చి ఇదంతా బావకి చెప్పాను. ఎడంచేత్తో అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఈ ముక్క ఆయనతో గాని అన్నావేటి?"

"లేదు బావా."

"అనకు. నన్ను మళ్లీ పన్లోకి రానిత్తాడో లేదో ఇంకా తెల్దు."

రానిచ్చాడు. తక్కువ జీతానికి గేటు దగ్గర కాపలా పెట్టాడు. ఎంత దయగల మనిషో అని పేటంతా చెప్పుకుంది. యజమాని కారు వచ్చినప్పుడల్లా బావ లేచి ఎడంచేత్తో సలాం కొట్టేవాడు.

తర్వాత నేనొక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్నయ్యాను. క్లాసులో ఒకసారి ఆ మాట పుట్టుక చెబితే, పరీక్షలో వస్తుందా మేడమ్ అని అడిగారు. రాదన్నాను. పెన్నులు కింద పెట్టేశారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్తవాళ్లు బావని వద్దన్నారు. అప్ప చేపలు కోస్తుంటే పక్కన కూర్చుని కాకుల్ని తోలడం ఇప్పుడతని పని. ఎవరైనా చెయ్యి చూసి అడిగితే, నాదే తప్పంటాడు.