‘మంచిగనే ఉంది’ అంటే నమ్మని బిడ్డ

నా బిడ్డ ఇక లేదని పొద్దున్నే నా కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ముందు రోజు చీకటి పడేదాకా పట్నంలో ఆస్పత్రి బయటే కూర్చున్నదాన్ని, కాసేపు నడుం వాల్చమని వాడే నన్ను మా ఊరు గౌడవెల్లికి పంపాడు. ఫోన్ వచ్చినప్పుడు పొయ్యి మీద చాయ్ పొంగుతోంది. గ్యాస్ ఆపడానికి చెయ్యి రాలేదు. వానాకాలం జ్వరం అన్నారు, తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, అంతే. ఆనాటి నుంచి ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కాదు. గ్యాస్ బండవాడు చేసినా అంతే.

మేడ్చల్ రోడ్డు మీదున్న ఒక ఆస్పత్రిలో నా బిడ్డ ముసలివాళ్ల వార్డుకు పెద్ద సిస్టర్. మీలో కొందరు మీ అమ్మనో నాయిననో ఆమె చేతిలో పెట్టే ఉంటారు. నా తుంటి ఎముక అరిగిపోయింది. వానలు తగ్గగానే తన వార్డులోనే పండబెట్టి ఆపరేషన్ చేయిస్తానంది. వానలు తగ్గాయి. ఇది ఆ వార్డులోనే పడుకొని రాస్తున్నాను. రేపే ఆపరేషన్. నాకు చాలా భయంగా ఉంది.

ఆమె ఎవర్నైనా ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకొని వెచ్చ చేసుకునేది. నిలబడి మాట్లాడేది కాదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముసలివాళ్ల ముఖం కన్నా తన ముఖం కిందికి ఉండేలా చూసుకునేది. ఎందుకే అట్లా నేల మీద కూర్చుంటావంటే, “పైనుంచి అడిగితే పోలీసోళ్లు అడిగినట్టుంటదమ్మా” అంది.

వార్డు ఎలా నడుస్తుందో చూడటానికి పైనుంచి మనుషులు వచ్చేవారట. ఎట్లుంది అని అడిగితే మంచాల మీది వాళ్లంతా మంచిగనే ఉంది అనేవారట. వచ్చినవాళ్లు సంతోషపడి పోయేవారు. నా బిడ్డకు మాత్రం ఆ మాట వింటే నిద్ర పట్టేది కాదు. “ముసలోళ్లు నొప్పి జెప్తరు గని భయం జెప్పరమ్మా. మంచిగనే ఉంది అన్నోళ్ల మంచం కాడనే ఇంకింతసేపు నిలవడాలె” అనేది.

శామీర్‌పేట దిక్కునుంచి ఒక తాత వచ్చాడు. నీళ్లు తాగడు. గ్లాసు నోటి దాకా తెచ్చి మళ్లీ పెట్టేస్తాడు. నాలుక ఎండిపోతోంది, డాక్టర్లు కోప్పడుతున్నారు, అయినా మంచిగుంది, మంచిగుంది అంటాడు. నా బిడ్డ కింద కూర్చుని ఎట్లుంది అనలేదు. “ఏం భయమైతాంది తాతా?” అని అడిగింది.

తాత గ్లాసు పక్కకు జరిపాడట. “తాగితే లేవాలె గద బిడ్డా. లేస్తే పడ్త. పడితే మావోళ్లు నన్ను మల్ల ఇంటికి తీస్కపోతరా?” అన్నాడట.

ఆ మాట నాకు చెప్పేటప్పుడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. ఆ రోజు నుంచి వార్డులో అందరినీ అదే మాట అడగడం మొదలుపెట్టింది. కింద పనిచేసే సిస్టర్లకూ అదే నేర్పింది.

ఒకసారి వార్డుకు సున్నాలు వేసి కొత్త మంచాలు తెచ్చారు. ఇంకా ఎవర్నీ చేర్చుకోలేదు. నన్ను ఆటోలో తీసుకుపోయి ఒక మంచం చూపించింది.

“పండుకో అమ్మా. ఏడేడ భయమైతదో జెప్పు.”

“చచ్చినంక ఎట్లైనా పండవెడ్తరు. గిప్పట్నుంచే ఎందుకే?”

“నీ తమాషాలు తర్వాత. ముందైతే ఎక్కు.”

ఎక్కుదామంటే మంచం నా నడుం దాకా ఉంది. ఎక్కాక కాళ్లు నేలకు అందలేదు. సిస్టర్లను పిలిచే గంట మీట తల వెనక ఉంది, అందుకోబోతే తుంటి కలుక్కుమంది. బాత్రూం లైటు స్విచ్చి లోపల ఎక్కడో ఉంది, చీకట్లో తడుముకుంటూ పోవాలి. ఒక్కొక్కటీ చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది, కూలికి పోయి బతికినదాన్ని, బురదలో నాట్లేసినదాన్ని, మంచానికి భయపడతానా అని. ఆమె నవ్వలేదు. గంట మీటను పొడుగు వైరుతో దిండు పక్కకు తెప్పించింది. స్విచ్చి బయటికి వచ్చింది, గోడకు పట్టుకునే రాడ్లు వచ్చాయి. మంచం ఎక్కడానికి మాత్రం మేడ్చల్‌లో వడ్లాయనతో చెక్కపీట చేయించింది. అది జారింది. ఒకామె పడబోయి మంచం కోడు పట్టుకొని ఆగింది. ఆ పూట నా బిడ్డ ఇంటికొచ్చి అన్నం తినలేదు. “నేనే పడేస్తుంటి గదమ్మా” అంటూ కూర్చుంది. మర్నాడే పీటలన్నీ తీయించేసింది. మంచాలు కిందికి దింపించడానికి పైవాళ్ల చుట్టూ ఎన్నాళ్లు తిరిగిందో. చివరికి దింపించింది.

ఇక ఆమె మంచం సంగతి. పట్నం ఆస్పత్రిలో నన్ను కాసేపే లోపలికి పంపారు. ముక్కుకు గొట్టం. ముఖం పసుప్పచ్చగా ఉంది.

“ఎట్లుంది బిడ్డా?” అన్నాను.

“మంచిగనే ఉన్న అమ్మా.”

ఆ మాటకు అర్థమేమిటో ఆమే కదా నాకు నేర్పింది. మంచం పట్టుకొని మెల్లగా కింద కూర్చున్నాను, తుంటి నొప్పితోనే. “ఏం భయమైతాంది బిడ్డా?” అని అడిగాను. నా దిక్కు చూసింది. పెదవులు కదిపింది. అప్పుడే ఒకామె వచ్చి టైమైపోయిందమ్మా, లేవండి అంది. తర్వాత లోపలికి పంపుతారనుకున్నాను. పంపలేదు. నా బిడ్డ ఏం చెప్పబోయిందో నాకు తెలియదు. దేవుడి ముందు నిలబడినా నేను అడిగేది అదొక్కటే.

ఇప్పుడు ఈ వార్డులో మోకాళ్ల మీద కూర్చుని అడిగేవాళ్లు లేరు. ఒక ట్యాబు తెస్తారు. దాని మీద మూడు బొమ్మలుంటాయి. నవ్వే ముఖం పచ్చగా, ఏడ్చే ముఖం ఎర్రగా, మధ్యలో ఇంకోటి. వేలితో నొక్కాలి. ఈ మధ్యాహ్నం అన్నాలయ్యాక దాన్ని పట్టుకొని సిస్టరమ్మ వచ్చింది. నా బిడ్డ కింద పనిచేసిన పిల్లే, ఇప్పుడు ఆమె జాగాలో ఉంది. పక్కమంచం ఆమె మేడ్చల్ సాయిబుల ఇంటి పెద్దావిడ, పొద్దటి నుంచి మెతుకు ముట్టలేదు, ఆమె పచ్చబొమ్మే నొక్కింది. అందరూ పచ్చబొమ్మే.

నా ముందుకు తెచ్చింది. నా వేలు కూడా పచ్చదాని మీదికే పోయింది. ఎర్రది నొక్కితే రేపు కత్తి పెట్టేటప్పుడు నా దిక్కు ఎవరు చూస్తారు? వీళ్ల చేతుల్లోనే కదా ఉన్నాను. అయినా వేలు వెనక్కి తీసుకున్నాను.

“నొక్కు అమ్మా, మస్తు మందిని అడగాలె ఇంక” అంది.

“నొక్కలేను బిడ్డా. నాకు భయమైతాంది.”

ఆమె ట్యాబు దించింది. ముఖం మారిపోయింది. నేను ఆమెను తప్పు పట్టాననుకుందేమో. “పైవాళ్లు గిట్లనే అడగుమన్నరు అమ్మా” అంది చిన్నగా. ట్యాబును మంచం మీద బోర్లించి కింద కూర్చుంది.

“ఏం భయమైతాంది?”

మత్తులోంచి లేవనేమో అని చెప్పాను. లేచినాక బట్టలు సరిగా ఉంటాయో లేదో అని చెప్పాను. ఇంకొకటి, చెప్పాలో వద్దో తెలియక ఆగాను. “లేవంగనె నా బిడ్డను అడుగుతనేమో. లేదని మీరు నాకు మల్ల జెప్పాల్సొస్తదేమో.”

సిస్టరమ్మ తల వంచుకుంది. ఏడవద్దని ఆమె నాకు చెప్పలేదు, నేను ఆమెకు చెప్పలేదు.

పక్కమంచం పెద్దావిడ ఇటు తిరిగింది. “నాకు భీ డర్ అయితాంది బేటీ” అంది. “పొద్దుగాల ఇడ్లీ పెట్టిపోయిన్రు. చేతులు వణుకుతయి. మీద పోసుకుంటే తిడ్తరని ముట్టలే.”

సిస్టరమ్మ అటు జరిగింది, లేవకుండానే, మోకాళ్ల మీదనే.

మూలన, కిటికీ పక్కన, వచ్చినప్పటి నుంచి నోరు విప్పని ముసలమ్మ ఒకామె ఉంది. దుప్పటి కిందినుంచి ఆమె చెయ్యి, సూది గుచ్చి పట్టీ వేసిన చెయ్యే, బళ్లో పిల్లలు లేపినట్టు మెల్లగా పైకి లేచింది.