చెరువు మట్టి కొంగ

అమ్మ పోయి నెల కూడా కాలేదు. ఏడుపు రాదు, ఆకలి తెలియదు. అలాగే కొత్తకోటలో గద్వాల బస్సెక్కాను. పక్క సీట్లో ఒక టీచరమ్మ. ఆమె ఒడిలోని అట్టపెట్టె నిండా బడిపిల్లలు మట్టితో చేసిన కొంగలు.

"చెరువు కాడికి తోల్కపోయి గంటసేపు సూడమన్న. సూశినంకనే చేసిండ్రు," అంది.

ఒక కొంగకు ఒకటే కాలుంది. "విరిగిందా?" అన్నాను.

"లేదక్కా. ఇంకోటి కడుపు కింద దాసుకుందంట. ఇన్నేండ్ల సంది పాఠం చెప్తున్న, నాకే తెల్వకపాయె."

దాన్ని నా చేతిలో పెట్టింది. ఇంకా పూర్తిగా ఆరలేదు. కింద తడిమితే, మడిచిన చిన్న కాలు వేలికి తగిలింది.

కొంగను మళ్లీ పెట్టెలో పెట్టుకుని ఆమె దిగిపోయాక, వేలికంటిన మట్టిని తుడుచుకోబుద్ధి కాలేదు.