వసారా మూలలో మనిషి

ఫ్యాక్షన్ కక్షలు చల్లారని రోజులవి. ప్రొద్దుటూరులో మా ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. ఒక పెళ్లింటి ఫోటోను కెమెరాలో వెలుతురు ఎక్కువా తక్కువా చేస్తూ మూడుసార్లు తీసి, ఆ మూడింటినీ కంప్యూటర్లో ఒకటిగా కలిపాడు. ఎండలోని పందిరితో పాటు చీకటి వసారా కూడా తేటగా కనిపించింది.

"శానా బాగొచ్చింది చూడుమే," అన్నాడు.

వంగి చూశాను. ఊరొదిలి పారిపోయాడని అందరూ అనుకునే పెళ్లికూతురి మేనమామ వసారా మూలలో కూర్చుని ఉన్నాడు.

"ఆల్బమ్ ఊరంతా తిరుగుతాది. ఎదుటి పార్టీవాళ్లు చూస్తే నరికేస్తారయ్యా. తీసేయ్."

మా ఆయన దాన్ని చెరిపేసి, ముందు తీసినవాటిలో వసారా నల్లగా ఉన్న ఫోటోనే ఆల్బమ్‌లో పెట్టాడు.

పెళ్లికూతురి తండ్రి స్టూడియోకి వచ్చి ఆల్బమ్ తెరిచాడు. పందిరిని చూడలేదు, ఆ మూలనే వేలితో తడిమాడు.

"ఈడ ఏమీ కనపడదు గదప్పా?"

"ఏమీ లేదు మామా," అన్నాడు మా ఆయన. నేను మాత్రం వీధిలోకి ఓసారి తొంగిచూసి, స్టూడియో తలుపు గడియ వేసి వచ్చాను.