జెస్సీ చుక్కలకు నేను పూసిన పచ్చరంగు

పది రోజుల్లో రెండో తరగతి పిల్లను ఆరో తరగతికి ఎక్కించి, ఒక్క నిమిషంలో నేనే రెండో తరగతికి దిగిపోయిన ఘనత నాది. ఆ దిగడం కూడా చాటుగా కాదు, ముప్పై మంది తల్లిదండ్రుల ఎదుట, చేతిలో సుద్దముక్కతో. నా బీఎస్సీ గణితం పట్టా ఆ రోజే బీరువాలోంచి దూకి నల్లమల అడవిలోకి పారిపోయి ఉంటుంది. చెబితే పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. పోవడానికి ఇంకేం మిగిలిందని మా అత్త అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయి జెస్సీకి ఏడేళ్ళు. మార్కాపురంలో ఒక చిన్న బడిలో చదువుతోంది. నేను పుట్టు కంగారు మనిషిని. పిల్ల తుమ్మితే జలుబనీ, తుమ్మకపోతే ముక్కు పట్టేసిందనీ అనుకునే రకం. అలాంటి నా చేతిలోని ఫోనులో బడివాళ్ళు ఒక చదువు యాప్ పెట్టించారు.

క్లాసు టీచరు విమల మేడం మొదట్లోనే అందరికీ వివరంగా చెప్పారు. ఈ యాప్‌లో ప్రతి పిల్లకూ ఒక పటం ఉంటుంది. ఒక్కో విషయం ఒక్కో చుక్క. ఏది వచ్చాక ఏది నేర్చుకోవాలో చెప్పే గీతలు ఆ చుక్కలను కలుపుతాయి. వచ్చిన విషయం పచ్చగా, రానిది ఎర్రగా కనిపిస్తుంది. ఆ పటాన్ని చూసుకొని యాప్, ఏ పిల్లకు ఏది కావాలో అది మాత్రమే మూడు నిమిషాల పాఠంగా పంపుతుంది. "ఎర్ర చుక్కంటే తప్పు కాదమ్మా. అక్కడ పాఠం కావాలని గుర్తు, అంతే. పిల్లల్నే చేయనీయండి," అన్నారు మేడం. అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

జెస్సీ పటంలో ఒకే ఒక్క చుక్క మొండిగా ఎర్రగా ఉండిపోయింది. అరువు తెచ్చుకొని చేసే తీసివేత. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీయమంటే, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసి, ముప్పై ఐదని ధీమాగా నొక్కేది. యాప్ విసుక్కోకుండా రోజూ అదే పాఠాన్ని కొత్త బొమ్మలతో పంపేది. విసుక్కునే పని నేను చూసుకునేదాన్ని.

అప్పుడొచ్చింది పక్కింటి షబానా. వాళ్ళ అయాన్ కూడా జెస్సీ క్లాసే.

"మా అయాన్‌ది మొత్తం పచ్చగుంది అక్కా. పచ్చగున్నోళ్ళను వచ్చే ఏడు మంచి సెక్షన్‌లో ఏస్తారంట."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

ఆ అందరూ ఎవరని నేను అడగలేదు. కంగారు మనిషికి సాక్ష్యాలు అక్కర్లేదు, మీకూ తెలుసు.

మర్నాడు జెస్సీ బడికి, మా ఆయన యర్రగొండపాలెం బస్సు తోలడానికి, అత్త పలకల కార్ఖానాకు వెళ్ళిపోయారు. పదకొండింటికి కుక్కర్లో పప్పు పెట్టి ఫోను తీశాను. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి, పచ్చగా చేసి పెట్టేద్దామనుకున్నాను. మూడు విజిళ్ళ లోపు అయిపోయింది. తెర నిండా రంగుకాగితాలు రాలాయి, చప్పట్లు మోగాయి. పెళ్ళయ్యాక నా పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఎవరికి మాత్రం ఆశ పుట్టదు చెప్పండి? ఇంకో పాఠం చేశాను. మర్నాడు పదకొండింటికి మళ్ళీ కూర్చున్నాను. గుణకారాలు దాటి, భిన్నాలు దాటి, నాలుగో రోజుకు కోణాల్లోకి దిగాను. కోణాలు వచ్చిన పిల్లకు వాటి కిందివన్నీ వచ్చే ఉంటాయని పటం పాపం నమ్మేసింది. అడగకుండానే ముప్పై చుక్కలు ఒకేసారి పచ్చబడ్డాయి. నాలుగు చినుకులు పడిన మర్నాటి మెట్ట పొలంలా కళకళలాడుతున్న ఆ ఫోనును నేను షబానాకు చూపించకుండా ఉంటానా?

ఆ సాయంత్రం జెస్సీ ఫోను తీస్తే తీసివేత లేదు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే ఎంత అని యాప్ అడిగింది. పిల్ల నేరుగా అత్త దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా, త్రిభుజమంటే ఏంది?"

అత్త ఇరవై ఏళ్ళుగా పలకల అంచులు నున్నగా రాసే మనిషి. కళ్ళజోడు సర్దుకొని బొమ్మ చూసింది. "మూడు మూలలేనా? ఇది ఇరిగిన పలక ముక్కమ్మా. దీన్ని ఎవరు కొంటారు? పక్కన పారెయ్."

మూడు సాయంత్రాలు జెస్సీ ఏది నొక్కినా తప్పే అయింది. నాలుగో సాయంత్రం వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, ముందు నాకు లెక్కలు వచ్చేవి కదా. ఇప్పుడు మొద్దునైపోయినానా?"

లెక్కలంటే గంతులేసే పిల్ల ఆ మాట అంది. బుద్ధి ఉన్న తల్లయితే అక్కడే నిజం చెప్పేసేది. నేను, పిల్ల తప్పులకు పటం మళ్ళీ ఎర్రబడుతోందని, మర్నాడు పదకొండింటికి రెట్టింపు పాఠాలు చేశాను. జెస్సీ ఇక ఫోను ముట్టుకోలేదు. అత్త ఇంటికి తెచ్చుకునే చిన్న పలకలను పదేసి ఒక కట్టగా కడుతుంటే, పక్కన కూర్చొని కడుతూ విప్పుతూ ఆడుకునేది. చదువు మానేసి పలకలు మోస్తుందేమోనని నాకు కొత్త కంగారు పట్టుకుంది.

గురువారం మేడం ఫోన్ చేశారు. "మీ ఫోనులో లెక్కలు చేసేవాళ్ళు శానా బాగా చేస్తాండారమ్మా. శనివారం తల్లిదండ్రుల మీటింగులో బోర్డు మీద ఒకటి చేసి చూపించాల."

రెండు రోజుల్లో ఏడేళ్ళ పిల్లకు కోణాలు నేర్పాలని చూశాను. విరిగిన పలకలు ముందేసుకొని నేను, మంచం కింద జెస్సీ. శుక్రవారం సాయంత్రానికి నా ధైర్యం అయిపోయింది.

"అత్తా, అదంతా నేనే చేసినాను."

"ఏం చేసినావు?"

"జెస్సీ చదువు."

అత్త కట్ట ముడి బిగించి తాపీగా నావైపు చూసింది. "మరి జెస్సీ ఏం చేయాల? నీ వంటా?"

శనివారం అందరికంటే ముందే బడికి వెళ్ళి మేడం దగ్గర తల వంచుకొని అంతా ఒప్పేసుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తన కంప్యూటర్ నా వైపు తిప్పారు. ప్రతి పాఠం పక్కనా టైము ఉంది.

"మీ జెస్సీ పది రోజులుగా పదకొండింటికి మీ ఇంట్లో పాఠాలు చేస్తాంది. అదే పదకొండింటికి నా ముందర మొదటి బెంచీలో కూర్చొని ఆవలిస్తాంది. ఇద్దరు జెస్సీలు ఉండారేమో అనుకున్నా."

రోజూ గడియారం చూసి మరీ మొదలుపెట్టిన నాకు ఆ సంగతి తట్టలేదు. బీఎస్సీ, ఫస్ట్ క్లాసు.

"ఈ పటం మిమ్మల్ని నమ్మిందమ్మా," అన్నారు మేడం, ఈసారి నవ్వకుండా. "అరువు తీసివేత వచ్చేసిందనుకొని ఆ పాఠం పంపడం మానేసింది. పిల్లకు కావాల్సింది అదొక్కటే."

సిగ్గుతో చచ్చిపోయాను. మంచి సెక్షన్ మాట ఎత్తితే, ఉన్న పిల్లలతో ఒక సెక్షనే నిండలేదన్నారు.

"మరి బోర్డు మీద ఎవరు చేయాల మేడం?"

"నేను పాప పేరు చెప్పలేదే. లెక్కలు చేసేవాళ్ళను రమ్మన్నా. మీలాంటి అమ్మలు ఈ క్లాసులో ఇంకా ఉండారు. మీరొక్కరు నిలబడితే వాళ్ళకు నేను చెప్పే పని తప్పుతాది."

ఒప్పుకున్నాను. తప్పు చేసినదాన్ని, ఇంకేం చేస్తాను? పిల్లలు ముందు బెంచీల్లో, తల్లిదండ్రులు వెనక కూర్చొని గది నిండింది. నా పదకొండింటి సంగతి అందరికీ నేనే చెప్పాను. మేడం బోర్డు మీద యాభై రెండు రాసి, దాని కింద ఇరవై ఏడు రాసి, సుద్దముక్క నాకిచ్చారు. ముప్పై జతల కళ్ళు నా వీపులో దిగాయి. తల ఖాళీ అయింది, బోర్డు మీద ఏదో అంకె పడింది. తిరిగి చూసుకుంటే ముప్పై ఐదు.

మొదటి బెంచీలోంచి జెస్సీ లేచి నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, విడి పలకలు రెండే ఉండాయి కదా. ఏడు ఎట్ల ఇస్తావు? కట్ట విప్పాల."

నా చేతిలోని సుద్ద తీసుకొని, బోర్డు మీద ఐదు కట్టలు గీసి, వాటిలో ఒకటి విప్పింది. విడివి పన్నెండు అయ్యాయి, ఏడిచ్చేస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండిచ్చేస్తే రెండు. ఇరవై ఐదు. ఎవరు నేర్పించారని మేడం అడిగితే, "అవ్వ," అంది మామూలుగా. ఆ మాటకు గది మొత్తం చప్పట్లు కొట్టింది. ఈసారి ఆ చప్పట్లు ఎవరివో వాళ్ళకే అందాయి.

నా స్థానంలోకి వచ్చి కూర్చోగానే షబానా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నా చెవిలో చెప్పింది. "అక్కా, మా అయాన్‌ది మధ్యాహ్నం రెండింటికి."

మేడం జెస్సీ పటాన్ని తుడిచేసి మొదటి నుంచి తెరిచారు. ఆ సాయంత్రమే అరువు తీసివేత చుక్కను పిల్ల తానే పచ్చగా చేసుకుంది. నా పేరు మీద కూడా విడిగా ఒక పటం తెరిచిచ్చారు. అందులో మొదటి ఎర్ర చుక్క ఏదో మీరు ఊహించగలరు. అది చూసి జెస్సీ నా భుజం తట్టింది. "ఎర్ర చుక్కంటే తప్పు కాదమ్మా. పాఠం కావాలని, అంతే."

కాబట్టి అడవి పాలైన నా పట్టా మీద, మా అత్త కట్టిన కట్టల మీద, నలుగురి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక నా కూతురి చదువు నేను చదవను. మరీ ముఖ్యంగా, అది బడిలో ఉన్న వేళ చదవను.