కండక్టర్ సారీ

సారీ అన్న మాట గురించి ఇబ్రహీంపట్నంలో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. రోజుకు వెయ్యి సారీలు చెప్పాను. సరే, ముప్పై కాదు, ఇరవై ఆరు. వెయ్యి కూడా కాదు. కానీ వందకు తగ్గవు.

హయత్‌నగర్ బస్సులో ఆ ఒక్క మాటతో ఎన్ని పనులు చేసుకునేవాణ్ణో! జనంలోంచి దూరుతూ సారీ అన్నానంటే పక్కకు జరగమని. పెద్ద నోటు తీసినవాడితో అన్నానంటే చిల్లర లేదని. నోటి నిండా తమలపాకు పెట్టుకున్న ముసలమ్మతో అయితే, దిగే ఊరి పేరు మళ్లీ చెప్పమని. స్టాపు కాని చోట ఆపమన్నవాడితో అయితే, ఆపేది లేదని. చావుకు పోతున్నామని ఎవరైనా కళ్లు తుడుచుకుంటే వాళ్లకూ అదే సారీ, కాకపోతే గొంతు కొంచెం తగ్గించేవాణ్ణి. ఎవరి కాలైనా తొక్కినప్పుడు చెప్పానా అంటే, తొక్కింది చూసుకునే తీరిక ఎక్కడిది?

మన మాటలు ఇంత తేలిక కావు. "తప్పైంది" అనాలంటే ముందు తప్పు మనదని ఒప్పుకోవాలి. "ఏమనుకోకు" అంటే బరువు ఎదుటివాడి మీద పడేసినట్టే, ఏమీ అనుకోకుండా ఉండే పని ఇక వాడిది. "మాఫ్ జెయ్" అనాలంటే భుజం మీద చెయ్యేసేంత దోస్తానా ఉండాలి. "క్షమించు" నాటకాల్లో విన్నాను గానీ మా వాడకట్టులో ఎవరి నోటా వినలేదు. అందుకే అందరం సారీ పట్టుకున్నాం. నాలుక మీంచి జారిపోతుంది, లోపల ఏదీ కదలదు.

ఇంత విద్యా ఒక చొక్కా దగ్గర పనికిరాకుండా పోయింది.

బస్టాండు వెనక ఒక టైలర్ షాపు ఉంది. ఆ టైలరుతో నాది నలభై ఏళ్ల స్నేహం. నన్ను అన్న అంటాడు, నేను తమ్మీ అంటాను. మొన్న శ్రావణంలో నాకొక చొక్కా కుట్టాడు. వేసుకుంటే జేబు వంకరగా కనిపించింది. ఆ సంగతి ఆయనకు చెప్పాలి. నేను చాయ్ హోటల్లో చెప్పాను. మొదటి రోజు జేబు వేలెడు వంకర అన్నాను, నవ్వారు. రెండో రోజు జేబు చంకలోకి పోయిందన్నాను, ఇంకా నవ్వారు. మూడో రోజు ఆగలేకపోయాను.

"తమ్మికి కండ్లు పోయినయ్. జేబు తీస్కపోయి ఈపుకు కుట్టిండు. బీడీ తీసుకోవాల్నంటే పక్కోన్ని పిలుస్తున్న!"

హోటలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఒకాయన ఇంట్లో పెళ్లి ఉంది. ఆ ఇంటి మగవాళ్ల బట్టలన్నీ ఎప్పుడూ మా టైలరే కుడతాడు. ఆయన ఈసారి బట్టంతా హయత్‌నగర్ పట్టుకుపోయాడు. టైలర్ అడిగితే, "కండ్లు మంచిగ లేవంట గద, నీకెందుకు తక్లీఫ్ అని," అన్నాడట. ఎవరు చెప్పారో కూడా చెప్పాడట.

మర్నాడు షాపు గుమ్మంలో నిలబడి, "సారీ తమ్మీ," అన్నాను. బస్సులో అన్నట్టే వచ్చింది. ఆయన మిషను ఆపలేదు.

"దిగేటోళ్లు దిగిండ్రు. ఈడ నీ సారీకి జరిగేటోళ్లు ఎవ్వలు లేరు. పో."

ఫోన్లో దండం బొమ్మ పెట్టి సారీ పంపాను. చూశాడు. ఇంకో నాలుగు పంపాను.

మా ఇంటామె ఇదంతా గమనిస్తూనే ఉంది. "నువ్వు సారీ అని ఇంటికొచ్చి బువ్వ తింటున్నవ్. గాయినకేమొచ్చింది? పెండ్లి బట్టలు వాపస్ వచ్చినయా?"

"మరేం జెయ్యమంటవ్?"

"హోటల్ల కూసొని వాగేటప్పుడు నన్నడిగినవా?"

దసరా వచ్చింది. మా దగ్గర ఆ సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి, చిన్నవాళ్లు కాళ్లకు మొక్కుతారు. మాటలు లేనివాళ్లు కూడా ఆ రోజు జమ్మి పెట్టి, కావలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారంటే పాత గొడవ మళ్లీ ఎత్తరు. ప్రతి ఏడూ టైలర్ మా ఇంటికి వచ్చి మొక్కేవాడు, నేను కుర్చీలో వెనక్కి వాలి దీవించేవాణ్ణి. ఈసారి కూడా కొత్త పంచె కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. పెద్దవాణ్ణి, నేను పోవడం పద్ధతి కాదు కదా.

పొద్దుగూకుతోంది. ఆయన రాలేదు. ఇంటామె జమ్మి రెమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"లే. నువ్వే పో."

"పెద్దోన్ని నేను..."

"ఎవలికి చెప్తున్నవ్?"

ఒప్పుకుంటాను. పెద్దవాణ్ణి కాను. మొదటిసారి కొలతలిచ్చిన రోజు ఆయన వయసు అడిగి, దానికి రెండేళ్లు కలిపి నాది చెప్పాను, అన్న అనిపించుకోవాలని. నిజానికి ఆయనే నాకంటే పదకొండు నెలలు పెద్ద. ఈ సంగతి అప్పటిదాకా మా ఇంటామెకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయేసరికి షాపులో టైలర్ మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, దాని పక్కనే స్టూలు మీద కూచున్నాడు. జమ్మి చేతిలో పెట్టి వంగాను. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఏ, పెద్దోనివి, నాకు మొక్కుతవేంది? నాకు పాపం తలగాల్నా?"

"నేను చిన్నోన్నే. పదకొండు నెలలు."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అంటే, ఇన్ని దసరాలు నాతోని ఉత్తగనే మొక్కిచ్చుకున్నవ్?"

"అవ్."

"నడుం పట్టిన ఏడు గుడ వంగిన గదరా!"

"అవ్. లేవనీకి రాకపోతే నేనే లేపిన."

ఆయనకు నవ్వు రాలేదు. "సరే, గది నా కాళ్ల సంగతి. నా కండ్ల సంగతేంది?"

"తప్పైంది అన్నా," అన్నాను. ఆ మాట సారీలా జారలేదు. తర్వాత మిగిలింది కూడా చెప్పాను. "జేబు వంకర లేకుండె. నా ఎడమ భుజమే దిగింది, తోలు సంచి మోసి మోసి. అద్దంల చూసుకున్న. ఎరుకైనంక గుడ హోటల్ల చెప్పిన."

"నాకెందుకు చెప్తున్నవ్? కొలత తీసినోన్ని, నాకు ఎర్కలేదా? యాడ వాగినవో గాడ చెప్పు."

పొద్దున అదే చొక్కా వేసుకుని హోటల్‌కు పోయాను. లేచి నిలబడి చెప్పాను, జేబు సరిగానే ఉందని, వంకర నా భుజానిదని, టైలర్ కళ్లు భేషుగ్గా ఉన్నాయని. పెళ్లింటాయన మూల బల్ల దగ్గర వింటున్నాడు.

"మరి ఈపు మీది జేబు?" అని ఎవరో అడిగారు.

వెనక్కి తిరిగి చూపించాను.

"అయ్యో, గదే మంచిగుండె తాతా!"

పెళ్లింటాయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. పెళ్లి బట్టలు ఎలాగూ కుట్టడమైపోయింది, అవి తిరిగి రావు. కార్తీకంలో మాత్రం ఒక చొక్కా బట్ట తెచ్చి టైలర్ బల్ల మీద పెట్టాడు. ఒక్కటే. ఇది చూశాక మిగతావి తెస్తానన్నాడట.

అది చెప్పిన రోజే టైలర్ నన్ను నిలబెట్టి మళ్లీ కొలతలు తీశాడు. ఈసారి రెండు భుజాలూ వేరువేరుగా. కళ్లద్దాలు పెట్టుకోకుండానే టేపు చూసి, "ఎడమది అరంగుళం కిందికి," అని రాసుకున్నాడు.

"ముప్పావు ఉండదా అన్నా? ఇరవై ఆరేండ్ల సంచి!"

"అరంగుళమే తమ్మీ. సక్కగ నిలబడు."

ఇప్పటికైతే హోటల్లో అరంగుళమనే చెబుతున్నాను.