ఆరని పొర

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలనను ముగించిన ఎన్నికలయ్యాక ఆంధ్ర నుంచి వచ్చి డర్బన్‌లో పరిశోధనకు చేరిన పురుషోత్తం రోజూ ల్యాబ్‌లోకి రాగానే కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, బ్యాటరీల కోసం తాను పోసిన పాలిమర్ పొరను అప్పడంలా వెలుతురుకు పట్టి చూస్తాడు. ప్లాస్టిసైజర్ కలిపితే పొర మెత్తబడి, అందులో అయాన్లు సులువుగా కదులుతాయి. తన పొరలో కదిలినంతగా ఇంకెవరి పొరలోనూ కదలవని ఆయన గర్వం. అవే పాళ్లతో ఆ ల్యాబ్‌లోని విద్యార్థిని ఇందిర చేసిన పొర అందులో సగం కదలికైనా చూపకపోతే, సెమినార్‌లో అందరి ముందూ ఆమెను ఇంగ్లిషులో ఏకిపారేశాడు. ఒకప్పుడు తెలుగునాడు నుంచి ఓడల్లో వచ్చిన చెరకుతోటల కూలీల మునిమనవరాలు, తలొంచుకుని వింది.

ఆగస్టులో ఒకరోజు కొండల మీంచి పొడిగాలి వీచింది. ఆయన పొర కొలత ఇందిర చెప్పిన అంకెకే పడిపోయింది. ఇన్నాళ్లూ దాన్ని అంతగా మెత్తబరిచింది సముద్రపు తేమ. ఆమె తన పొరను ఆరబెట్టి మూత పెట్టేది. ఆయన బల్లమీదే వదిలేసేవాడు. చెవులు వేడెక్కాయి. ఆమె దగ్గరికెళ్లి, నేల చూస్తూ, “తప్పు నాదేనమ్మా. నీ కొలతే సరైంది,” అని తెలుగులో గొణిగాడు.

ఇందిర బిక్కమొహం వేసింది. ఆ తెలుగులో ఆమెకు అందింది మొదటి మాట ఒక్కటే. “తప్పు... మా అవ్వ తిట్టే మాట. మళ్లీ నేను తప్పు చేసినానా, డాక్టర్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నథింగ్,” అన్నాడు. “క్యారీ ఆన్.”